తన కంచం తానే కడుక్కున్న కుర్రాడు – నక్షత్రాల గుట్టు విప్పిన శాస్త్రవేత్త
(మేఘనాద్ సాహా జీవితం)



విజ్ఞాన శాస్త్రంలో వింతలకు కొదవ లేదు. అందులో మమ్మల్ని అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఇది. సూర్యుని దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు, అక్కడి నుండి చిటికెడు మట్టి కూడా ఎవరూ తీసుకురాలేదు. అయినా సూర్యునిలో ఏయే మూలకాలు ఉన్నాయో, ఎంత వేడి ఉందో, ఆకాశంలో ఏ నక్షత్రం ఎంత కాగుతోందో ఈ రోజు మన పాఠ్యపుస్తకాల్లో రాసి ఉంది. ఈ లెక్కకు తాళంచెవి లాంటి సూత్రాన్ని 1920లో ప్రపంచానికి అందించింది మన దేశపు యువకుడే. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. ఆయన పేరు మేఘనాద్ సాహా. చిన్న పచారీ కొట్టు నడుపుకునే తండ్రికి పుట్టి, ఇతరుల ఇంట్లో తలదాచుకుని, స్కాలర్‌షిప్పు మీద చదివి, హాస్టల్లో అవమానం పడి పైకి వచ్చిన మనిషి. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం గురించి రాయాలని మేము అనుకున్నాము. ఇది మనకు పరాయి కథ కాదు.

పుట్టుక, బాల్యం

మేఘనాద్ సాహా 1893 అక్టోబరు 6న ఢాకా దగ్గర సియోరాతలి అనే పల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహా, తల్లి భువనేశ్వరీ దేవి. ఎనిమిది మంది పిల్లల్లో ఆయన ఐదవవాడు. పుట్టిన రోజు పెద్ద గాలివాన, ఉరుములు, మెరుపులు అని, అందుకే మేఘాల పేరు పెట్టారని చెబుతారు. ఆనాటి బెంగాల్‌లో కులాలను మెట్లు మెట్లుగా పేర్చిన వరసలో ఆ కుటుంబానిది కింది మెట్టు. ఇంటి ఆదాయం కొట్టు మీద వచ్చే నాలుగు డబ్బులే.

పిల్లవాడు నాలుగు అక్షరాలు, కూడికలు తీసివేతలు నేర్చుకుంటే చాలు, కొట్టులో కూర్చుంటాడని తండ్రి ఆలోచన. ఇందులో తండ్రిని తప్పు పట్టలేము. పెద్ద కొడుకు జయనాథ్ చదువు ముందుకు సాగక జూట్ కంపెనీలో చిన్న జీతానికి చేరాడు. చదువు మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం ఆ ఇంట్లో లేదు. కానీ ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు ఈ పిల్లవాడి తెలివి చూసి, చదువు మాన్పించవద్దని తండ్రికి నచ్చజెప్పారు. అన్న జయనాథ్ కూడా తమ్ముడి పక్షానే నిలబడ్డాడు.

తరువాతి చదువు చదవాలంటే మిడిల్ స్కూలు సిమూలియా అనే ఊళ్ళో ఉంది. దూరం పది కిలోమీటర్లు. రోజూ నడిచి వెళ్ళి రావడం కష్టం. అక్కడ అద్దెకు గది తీసుకుని ఉండే స్తోమత లేదు. అప్పుడు జయనాథ్ అనంత కుమార్ దాస్ అనే వైద్యుణ్ణి కలిసి బతిమాలాడు. ఆయన తన ఇంట్లో ఉచితంగా భోజనం, వసతి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇందుకు పిల్లవాడు చేయవలసినవి రెండు. ఇంటి ఆవును చూసుకోవాలి. తాను తిన్న కంచం తానే కడుక్కోవాలి.

తన కంచం తానే కడగడం ఏమంత పెద్ద విషయమని మనలో చాలామందికి అనిపించవచ్చు. మనం కూడా మెస్ దగ్గర కుళాయి కింద ఎవరి కంచం వాళ్ళమే కడుక్కుంటాము. కానీ మనం అందరం కడుగుతాము. ఆ ఇంట్లో ఆ పిల్లవాడు తిన్న కంచాన్ని అతని కులం కారణంగా వేరొకరు ముట్టుకోకూడదు గనుక అతను కడగాలి. పని ఒకటే, దాని వెనుక కారణం వేరు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఇల్లు లేకపోతే ఆ పిల్లవాడి చదువు అక్కడితో ఆగిపోయేది. అన్నం పెట్టిన చెయ్యి, అంటరాదని చెప్పిన ఆచారం రెండూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. తనకు సాయపడిన ఆ వైద్యుణ్ణి సాహా గారు జీవితాంతం కృతజ్ఞతతో తలచుకున్నారు.

నాలుగు రూపాయల స్కాలర్‌షిప్పు

మిడిల్ స్కూలు పరీక్షలో మేఘనాద్ ఢాకా జిల్లా మొత్తానికి మొదటివాడుగా వచ్చాడు. నెలకు 4 రూపాయల స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆ ధైర్యంతో 1905లో ఢాకా పట్టణానికి వెళ్ళి ప్రభుత్వ కాలేజియట్ స్కూల్లో చేరాడు. అక్కడ ఫీజు కూడా మాఫీ అయింది.

అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్‌ను రెండు ముక్కలు చేసింది. ఎక్కడ చూసినా నిరసనలు. తూర్పు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఫుల్లర్ ఆ స్కూలు చూడడానికి వచ్చినప్పుడు కొందరు విద్యార్థులు నిరసన తెలిపారు. వారిలో మేఘనాద్ ఒకడు. ఫలితంగా ఫీజు మాఫీ పోయింది, స్కాలర్‌షిప్పు పోయింది, స్కూలు నుండి బయటకు పంపించారు. పన్నెండేళ్ళ వయసులో ఊరు కాని ఊళ్ళో చేతిలో పైసా లేకుండా నిలబడడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. స్కాలర్‌షిప్పు రెండు నెలలు ఆలస్యమైతేనే నోటు పుస్తకాలకు అప్పు చేసేవాళ్ళం మనం.

ఢాకాలోని కిశోరీలాల్ జూబిలీ స్కూలు అతన్ని ఉచితంగా చేర్చుకుంది. అన్న జయనాథ్ తన 20 రూపాయల జీతంలో నుండి నెలకు 5 రూపాయలు పంపేవాడు. పూర్వ బంగ వైశ్య సమితి అనే సంఘం నెలకు 2 రూపాయలు ఇచ్చేది. మొత్తం 7 రూపాయలు. ఈ 7 రూపాయలతో అద్దె, తిండి, బట్ట, పుస్తకాలు. కొంత డబ్బు చదువుతోనే సంపాదించాడు కూడా. క్రైస్తవ మిషన్ వారు బెంగాల్ అంతటికీ పెట్టిన బైబిల్ పరీక్ష రాసి మొదటి బహుమతిగా 100 రూపాయలు గెలుచుకున్నాడు. 1909 ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్ మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు.

తరువాత ఢాకా కాలేజీలో ఇంటర్మీడియట్. అక్కడ గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు అదనంగా జర్మన్ భాష కూడా నేర్చుకున్నాడు. పల్లెటూరి పిల్లవాడికి జర్మన్ ఎందుకని ఎవరైనా నవ్వి ఉండవచ్చు. ఆ భాష ఏ విధంగా అక్కరకు వచ్చిందో ముందు ముందు చెబుతాము.

కలకత్తా హాస్టల్లో

1911లో మేఘనాద్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. ఆ తరగతి చాలా గొప్ప తరగతి. తరువాతి కాలంలో ఐన్‌స్టీన్ పేరుతో కలిపి చెప్పుకునే సత్యేంద్రనాథ్ బోస్ అతని సహాధ్యాయి. గణాంక శాస్త్రంలో పేరు పొందిన మహలనోబిస్ ఒక ఏడాది సీనియర్. పాఠాలు చెప్పినవారిలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహానుభావులు ఉన్నారు.

చదువు ఇంత గొప్పగా ఉన్నా, ఉండే చోటు మాత్రం అలా లేదు. మేఘనాద్ ఈడెన్ హిందూ హాస్టల్లో ఉండేవాడు. ఆ హాస్టల్లో కొందరు అగ్రవర్ణ విద్యార్థులు అతనితో కలిసి ఒకే భోజనశాలలో తినడానికి అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజ నాడు అందరితో కలిసి పూజలో పాల్గొనకుండా అడ్డుకున్నారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. జిల్లాకు మొదటివాడైనా, రాష్ట్రానికి మొదటివాడైనా ఆ విస్తళ్ళ వరసలో అతనికి చోటు లేదు. చదువుల తల్లి పండుగ రోజున చదువులో ముందున్నవాడినే దూరంగా నిలబెట్టారు.

మేఘనాద్ ఆ హాస్టల్ విడిచిపెట్టి కాలేజీ స్ట్రీటులో కొందరు మిత్రులతో కలిసి మెస్‌లో ఉన్నాడు. రసాయన శాస్త్రవేత్తలుగా పేరు పొందిన జ్ఞాన్ చంద్ర ఘోష్, నీలరతన్ ధర్ ఆ మిత్రబృందంలోని వారే. అవమానించిన వారి పేర్లు ఈనాడు ఎవరికీ గుర్తు లేవు. పక్కన కూర్చుని కలిసి తిన్నవారి పేర్లు మాత్రం చరిత్రలో నిలిచాయి.

1913లో బి.ఎస్సీ. ఆనర్స్, 1915లో ఎం.ఎస్సీ. పూర్తయ్యాయి. రెండింటిలోనూ సత్యేంద్రనాథ్ బోస్ మొదటి స్థానం, మేఘనాద్ సాహా రెండవ స్థానం. ఇంటి పరిస్థితుల వల్ల ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగానికి పోటీ పరీక్ష రాయాలనుకున్నారు. కానీ అనుమతి దొరకలేదు. విప్లవకారులతో పరిచయాలు ఉన్నాయన్న అనుమానమే కారణమని చెబుతారు. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఒక మంచి ఆఫీసరు తయారయ్యేవాడేమో గాని ప్రపంచానికి ఒక శాస్త్రవేత్త తక్కువయ్యేవాడు. అప్పట్లో ఆయన సైకిలు మీద కలకత్తా ఈ చివర నుండి ఆ చివరకు తిరిగి ట్యూషన్లు చెప్పి తన ఖర్చులు వెళ్ళదీసుకున్నారు, తమ్ముణ్ణి కూడా చదివించారు.

1916లో అశుతోష్ ముఖర్జీ గారు కొత్తగా పెట్టిన యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో సాహా, బోస్ ఇద్దరికీ లెక్చరర్ ఉద్యోగాలు ఇచ్చారు. మొదట గణితం, తరువాత భౌతిక శాస్త్రం. తాము కాలేజీలో పూర్తిగా చదవని విషయాలను రాత్రి తాము చదువుకుని పగలు విద్యార్థులకు చెప్పవలసి వచ్చింది. ప్రయోగశాలలో చెప్పుకోదగ్గ పరికరాలు లేవు. యుద్ధం వల్ల విదేశీ పుస్తకాలు దొరికేవి కావు. ఈ పరిస్థితుల్లోనే ఇద్దరు మిత్రులూ కలిసి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత పత్రాలను జర్మన్ నుండి ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా యూనివర్సిటీ ఆ పుస్తకాన్ని అచ్చు వేసింది. ఢాకాలో నేర్చుకున్న జర్మన్ మొదటిసారి ఇక్కడ పనికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక దెబ్బ కూడా తగిలింది. వెలుతురు పరమాణువులను నెట్టే విధానం మీద 1917లో ఆయన ఒక పెద్ద వ్యాసం రాసి అమెరికాలోని ఒక ప్రసిద్ధ పత్రికకు పంపారు. వ్యాసం పెద్దది గనుక అచ్చు ఖర్చులో కొంత భరించమని వారు అడిగారు. ఆయన దగ్గర అంత డబ్బు లేదు. పూర్తి వ్యాసం చివరకు కలకత్తా యూనివర్సిటీ పత్రికలో వచ్చింది. విదేశాల్లో దాన్ని చూసినవారు తక్కువ. తరువాత ఆ విషయంలో పేరు ఇతరులకు వెళ్ళింది. పేదరికం చదువుకునే రోజుల్లోనే కాదు, చదువు పూర్తయ్యాక కూడా వెంట వస్తుందని ఈ సంఘటన చెబుతుంది.

నక్షత్రాల గుట్టు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. మెస్‌లో గ్యాసు పొయ్యి మీద ఉప్పు వేసిన పప్పు పొంగితే నీలి మంట ఒక్కసారిగా పసుపు రంగుకు మారడం మనం చూసే ఉంటాము. ఉప్పులో ఉన్న సోడియం ఇచ్చే రంగు అది. ఇలాగే ప్రతి మూలకానికీ తనదైన రంగు గీతలు ఉంటాయి. సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపి వర్ణపటాన్ని జాగ్రత్తగా చూస్తే అందులో ఇటువంటి గీతలు వందలు, వేలు కనిపిస్తాయి. మనుషులకు వేలిముద్రలు ఎలాగో మూలకాలకు ఈ గీతలు అలాగ.

ఈ కథలో మన ప్రాంతానికి కూడా చోటు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున లేచే ఎర్రటి జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆ ఏడాది సూర్యుని వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత సోడియం గీతతో సరిపోలలేదు. అది భూమి మీద అప్పటికి తెలియని మూలకానిదని ఇంగ్లండులో లాకియర్ భావించారు. దానికే హీలియం అని పేరు. భూమి మీద అది దొరికింది 1895లో.

గీతలు చూసి పేర్లు చెప్పడం వరకు బాగానే ఉంది. కానీ కొన్ని చిక్కులు ఎవరికీ విడలేదు. సూర్యుని చుట్టూ క్రోమోస్ఫియర్ అనే పలుచని ఎర్రటి పొర ఉంది. అందులో పైపైకి వెళ్ళే కొద్దీ మామూలు కాల్షియం గీతలు మాయమై, వేరే రకం కాల్షియం గీతలు మాత్రం చాలా ఎత్తు వరకు నిలిచి ఉన్నాయి. రుబీడియం, సీజియం వంటి కొన్ని మూలకాలు సూర్యునిలో అసలు కనిపించలేదు. ఇక అమెరికాలో హార్వర్డ్ పరిశోధనశాల వారు రెండు లక్షలకు పైగా నక్షత్రాలను గీతల తీరును బట్టి ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అని వరసగా పేర్చారు. ఒక్కొక్క తరగతిలో ఒక్కొక్క మూలకం గీతలు గట్టిగా కనిపిస్తాయి. ఈ నక్షత్రాలు వేరు వేరు పదార్థాలతో తయారయ్యాయా, లేక ఇంకేదైనా కారణం ఉందా?

సాహా గారు ఈ ప్రశ్నను రసాయన శాస్త్రం వైపు నుండి చూశారు. సున్నపు బట్టీలో సున్నపురాయిని కాల్చితే అది సున్నంగా, కార్బన్ డై ఆక్సైడ్ వాయువుగా విడిపోతుంది. వేడి ఎక్కువైతే ఎక్కువ విడిపోతుంది. వాయువు బయటకు పోయే వీలు ఉంటే, అంటే ఒత్తిడి తక్కువగా ఉంటే, ఇంకా తేలిగ్గా విడిపోతుంది. పరమాణువు నుండి ఎలక్ట్రాన్ ఊడిపోవడం కూడా సరిగ్గా ఇటువంటిదేనని ఆయన లెక్క కట్టారు. దీనినే మనం అయనీకరణం అంటాము. 1919లో ఎగ్గర్ట్ అనే శాస్త్రవేత్త జర్మన్ పత్రికలో రాసిన వ్యాసం చదువుతుండగా ఆయనకు దారి దొరికింది. ఇక్కడ జర్మన్ భాష రెండవసారి, అసలైన చోట అక్కరకు వచ్చింది.

ఎలక్ట్రాన్ కోల్పోయిన పరమాణువు ఇచ్చే గీతలు వేరు, కోల్పోనిది ఇచ్చే గీతలు వేరు. ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ను కోల్పోతాయనేది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి వేడి, రెండు ఒత్తిడి, మూడు ఆ మూలకం తన ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుందన్నది. ఈ మూడింటినీ కలిపిన సూత్రమే సాహా సమీకరణం. 1920లో ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అది ప్రచురితమైంది.

దీనితో చిక్కుముళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. సూర్యుని పై పొరల్లో ఒత్తిడి చాలా తక్కువ, కాబట్టి కాల్షియం పరమాణువులు దాదాపు అన్నీ ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటాయి. మామూలు గీతలు మాయమవడానికి కారణం అదే. రుబీడియం చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది, కాబట్టి సుమారు 5,500 డిగ్రీల సూర్యుని ఉపరితలం మీద దాని మామూలు గీతలు కనిపించవు. సూర్యుని మచ్చలు అంతకంటే వెయ్యి డిగ్రీలకు పైగా చల్లన, అక్కడ వెదకితే రుబీడియం కనిపించాలని సాహా గారు ముందుగానే చెప్పారు. అమెరికా శాస్త్రవేత్త రస్సెల్ మచ్చల వర్ణపటాన్ని పరిశీలించగా అది నిజంగానే కనిపించింది. కలకత్తాలో కూర్చుని కాగితం మీద వేసిన లెక్క సూర్యుని మీద రుజువైంది.

నక్షత్రాల తరగతుల రహస్యం కూడా తేలింది. అది ప్రధానంగా వేడిలో తేడా. ఎర్రగా కనిపించే ఆరుద్ర నక్షత్రం 3,500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే తెల్లగా మెరిసే సిరియస్ 10 వేల డిగ్రీల దరిదాపుల్లో ఉంది. గీతల తీరును బట్టి నక్షత్రం వేడిని చెప్పవచ్చు. ఒక రకంగా ఇది నక్షత్రాల జ్వరం చూసే థర్మామీటరు.

ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి ఉంది. హార్వర్డ్‌లో సిసిలియా పేన్ అనే 25 ఏళ్ళ యువతి 1925లో సాహా సమీకరణాన్ని ఉపయోగించి నక్షత్రాల్లో ఏ మూలకం ఎంత ఉందో లెక్క తేల్చింది. అప్పటి వరకు పెద్దలందరూ సూర్యుడు కూడా భూమి లాంటి పదార్థాలతోనే తయారయ్యాడని నమ్మేవారు. ఆమె లెక్కలో హైడ్రోజన్ మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. అది జరగని పని అని రస్సెల్ అన్నారు. ఆమె తన వ్యాసంలో ఆ ఫలితం నమ్మదగినది కాకపోవచ్చునని రాయవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత 1929లో ఆమె లెక్కే సరైనదని రస్సెల్ స్వయంగా ఒప్పుకున్నారు. సూర్యుని బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు హైడ్రోజనే అని ఈనాడు మన పుస్తకాల్లో ఉంది. ఒక పచారీ కొట్టు యజమాని కొడుకు ఇచ్చిన సూత్రం, ఒక యువతి చేసిన లెక్క. ఇద్దరినీ ముందు ఎవరూ పట్టించుకోలేదు. నక్షత్రాలు మాత్రం ఇద్దరి మాటా నిజమని చెప్పాయి.

దేశ సేవలో

1920లో సాహా గారు స్కాలర్‌షిప్పు మీద లండన్‌కు వెళ్ళి ఫౌలర్ ప్రయోగశాలలో, తరువాత బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ప్రయోగశాలలో పని చేశారు. 1921లో తిరిగి వచ్చారు. 1923లో అలహాబాద్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరి పదిహేనేళ్ళు అక్కడ ఉన్నారు. 1927లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్ బహుమతికి ఆయన పేరు పలుమార్లు ప్రతిపాదించబడింది గాని రాలేదు. బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి ఆయన రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథాన్ని భౌతిక శాస్త్రం చదివిన మన పూర్వ విద్యార్థులు కాలేజీ లైబ్రరీల్లో చూసే ఉంటారు.

పేరు వచ్చింది, ఇక హాయిగా ఉందామని ఆయన అనుకోలేదు. 1922లో ఉత్తర బెంగాల్‌లో వరదలు వచ్చినప్పుడు తన గురువు ప్రఫుల్ల చంద్ర రాయ్ వెంట సహాయ పనుల్లో తిరిగారు. నదుల మధ్య పుట్టిన ఆయనకు వరద అంటే ఏమిటో తెలుసు. 1943లో దామోదర్ నది పొంగి కలకత్తాకు రాకపోకలు తెగిపోయినప్పుడు, నది మొత్తాన్ని ఒక పథకం కింద అదుపు చేయాలని వ్యాసాలు రాశారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో సభ్యులుగా పనిచేశారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడడం వెనుక ఆయన కృషి ఉంది. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉన్నప్పుడు జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పాటులోనూ ఆయన పాత్ర పెద్దది.

1938లో మళ్ళీ కలకత్తా చేరారు. అక్కడ అణు భౌతిక శాస్త్ర సంస్థను నెలకొల్పారు. మేడం క్యూరీ కుమార్తె ఐరీన్ జోలియో క్యూరీ 1950 జనవరిలో దాన్ని ప్రారంభించారు. ఇప్పుడు అది ఆయన పేరు మీదనే సాహా ఇన్‌స్టిట్యూట్‌గా నడుస్తోంది. 1952 ఎన్నికల్లో కలకత్తా నుండి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి మొదటి లోక్‌సభకు వెళ్ళారు. కాందిశీకుల గురించి, నదుల గురించి, అణుశక్తి గురించి అక్కడ గట్టిగా మాట్లాడారు. పెద్దలకు నచ్చినా నచ్చకపోయినా తాను నమ్మినది చెప్పడం ఆయన స్వభావం. అందువల్ల కొన్ని అవకాశాలు, పదవులు దూరమయ్యాయి కూడా.

మన గోడ మీది క్యాలెండరులో కూడా ఆయన పని ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో దాదాపు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉండేవి. వీటిని పరిశీలించడానికి 1952లో ప్రభుత్వం వేసిన సంఘానికి సాహా గారు అధ్యక్షులు. మన సంక్రాంతి పండుగ నాడు ఉత్తరాయణం మొదలవుతుందని అంటాము. కానీ ఆకాశంలో సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. పాత లెక్కలో సంవత్సరం ఇరవై నిమిషాలు ఎక్కువ. అది ఏడాదికేడాది పేరుకుని సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున పండుగ వెనక్కు జరిగి, మొత్తం మీద 23 రోజులకు పైగా తేడా వచ్చింది. ఈ తేడాను సరిదిద్ది ఆ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీగా జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్ మీద ఇంగ్లీషు తేదీతో పాటు కనిపించే శక తేదీ అదే.

అది చూడడానికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలో గుండెపోటుతో కుప్పకూలి మరణించారు. వయసు 62 ఏళ్ళు. చనిపోయే రోజున కూడా ఆయన పని మీదనే ఉన్నారు.

మనం గుర్తుంచుకోవలసినది

చంద్రుని వెనుక వైపున ఒక బిలానికి సాహా పేరు పెట్టారు. 1993లో శత జయంతికి మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. విశ్వం పుట్టిన సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళకు వెలుతురు మొదటిసారి స్వేచ్ఛగా ప్రయాణించిన ఘట్టాన్ని వివరించడానికి కూడా శాస్త్రవేత్తలు ఆయన సమీకరణంతోనే మొదలుపెడతారు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య ఎల్-1 నౌక పరిశీలించే సూర్యుని పొరల్లో, ఆయన గుట్టు విప్పిన ఆ క్రోమోస్ఫియర్ కూడా ఒకటి.

ఇవన్నీ గొప్పవే. కానీ మాకు ఎక్కువగా గుర్తుండిపోయినవి చిన్న అంకెలు. 4 రూపాయలు, 5 రూపాయలు, 2 రూపాయలు. ఒక వైద్యుని ఇంట్లో పెట్టిన అన్నం. ఫీజు లేకుండా చేర్చుకున్న ఒక స్కూలు. పక్కన కూర్చుని తిన్న నలుగురు మిత్రులు. వీటిలో ఏ ఒక్కటి తెగిపోయినా ఆ పిల్లవాడు సియోరాతలిలో పచారీ పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోయేవాడు, ఆ లోటు ఎవరికీ తెలిసేది కూడా కాదు. అలా ఏ ఊళ్ళో ఎంతమంది ఆగిపోయారో ఎవరు లెక్క పెట్టారు?

అందుకే జూనియర్ తమ్ముళ్ళకు మేము చెప్పేది ఇంతే. మెస్‌లో అందరం ఒకే వరసలో కూర్చుని తింటున్నామంటే దాన్ని మామూలు విషయంగా చూడకండి. అంతటి సాహా గారికి ఆనాడు దొరకనిది అదే. మీ పక్కన కూర్చోవడానికి ఎవరైనా వెనకాడినా, మీరే ఎవరినైనా పక్కన కూర్చోనివ్వకపోయినా ఈ కథ ఒక్కసారి గుర్తు చేసుకోండి. అక్కరకు రాదనిపించిన పాఠాన్ని కూడా వదలకండి, ఆ జర్మన్ లాగా అది ఏనాటికైనా పనికి వస్తుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. పరీక్ష ఫీజు గడువు దగ్గర పడి, స్కాలర్‌షిప్పు ఇంకా రాని తమ్ముడు ఈ ఏడాది కూడా మన హాస్టల్లో ఎవరో ఒకరు ఉంటారు. జయనాథ్ తన 20 రూపాయల జీతంలో నుండి 5 రూపాయలు పంపాడు. మీ జీతంలో నుండి ఎంత అన్నది మీ ఇష్టం.